చిన్నపిల్లలతో ఇంటి దగ్గర షికారు: కాలనీ పార్కా, అటవీ పార్కా, చెరువు కట్టా, గుట్టా, పొలమా?

రెండేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో ఆదివారం పొద్దున్నే మొదలయ్యే చర్చ ఇది. పెద్ద ప్రయాణాలు ఏడాదికి ఒకటో రెండో కుదురుతాయి. పిల్లల కాళ్లకి, కళ్లకి, చేతులకి పని పెట్టేవి మాత్రం ఇంటికి దగ్గర్లో వారం వారం తిరిగే రెండు గంటలే. ఎక్కడికి వెళ్లాలన్నది తేలక, చివరికి ఏ మాల్‌కో వెళ్లి ఏసీలో తిరిగొచ్చే కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల కోసమే ఈ పోలిక. ఇందులో ఉదాహరణలు హైదరాబాదువి. గుట్టలూ చెరువులూ పక్కపక్కనే ఉండే వరంగల్, మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం వైపు వాళ్లకీ ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

ముందు చూసుకోవాల్సినవి

అన్నింటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న: అక్కడ పిల్లల చెయ్యి ఎంతసేపు వదిలి ఉండొచ్చు? చెయ్యి పట్టుకుని నడిపిస్తే అది పెద్దవాళ్ల నడకే అవుతుంది. చెయ్యి వదిలితేనే పిల్లలు ఆగుతారు, వంగుతారు, మట్టి తవ్వుతారు, చీమల బారు వెంట పోతారు. చిక్కేమిటంటే, చెయ్యి నిశ్చింతగా వదలగలిగే చోట చూడ్డానికి కొత్తగా ఏమీ ఉండదు, చూడ్డానికి ఎంతో ఉన్న చోట చెయ్యి వదల్లేం. ఎంపికలో ఉన్న కష్టమంతా ఇక్కడే ఉంది.

రెండోది ప్రయాణం. వెళ్లడానికి ఇరవై నిమిషాలు దాటితే అది వారం వారం చేసే పని కాకుండా పోతుంది. పైగా ఆ వయసు పిల్లలు కారులోనే నిద్రపోతారు. లేపి దింపితే మొదటి అరగంట ఏడుపుకే సరిపోతుంది.

మూడోది నీడ, తాగే నీళ్లు, టాయిలెట్. నాలుగోది చేతికి ఏం దొరుకుతుందన్నది: మట్టి, నీళ్లు, రాళ్లు, ఆకులు, కాయలు. ఊయల, జారుడుబల్ల మాత్రమే ఉన్న చోట నాలుగేళ్ల పిల్లలు అరగంటకే విసుగెత్తిపోతారు. మట్టీ నీళ్లూ ఉన్న చోట గంటన్నరైనా లేవరు.

చివరిది వెనక్కి రావడం. మూడేళ్ల పిల్లలు ఆగుతూ ఆగుతూ కిలోమీటరు దాకా నడుస్తారు. అయితే ఆ కిలోమీటరులోనే తిరుగు నడక కూడా ఉండాలి. ఉత్సాహంగా ముందుకు పరుగెడుతున్నారని పోనిస్తే, వచ్చేటప్పుడు పదమూడు, పద్నాలుగు కిలోల బరువు చంకనెత్తుకోవాలి. అందుకని అలుపు కనిపించక ముందే, ఇంకా హుషారుగా ఉండగానే వెనక్కి తిప్పాలి.

| చోటు | చెయ్యి వదలొచ్చా | నీడ | టాయిలెట్ | అనువైన వయసు | జాగ్రత్త పడాల్సింది |
|---|---|---|---|---|---|
| కాలనీ పార్కు | దాదాపు ఎప్పుడూ | పరవాలేదు | ఇల్లు దగ్గరే | ఏడాదిన్నర నుంచి | వీధి కుక్కలు, కాలిన జారుడుబల్ల |
| అటవీ పార్కు | చాలావరకు | బాగుంటుంది | గేటు దగ్గర | రెండున్నర నుంచి | కోతులు, దూరం నడిచేయడం |
| చెరువు కట్ట | కట్ట మీద కొంత, నీటి అంచున అసలు వద్దు | తక్కువ | అరుదు | మూడు నుంచి | నీళ్లు, పాచి, గుర్రపుడెక్క |
| రాళ్ల గుట్ట | కింది బండల మీదే | దాదాపు లేదు | లేదు | నాలుగు నుంచి | జారడం, తేనెటీగలు |
| పొలం | కోత తర్వాత బాగా | గట్టు మీది చెట్లే | లేదు | మూడు నుంచి | బావులు, కరెంటు, పాములు |

కాలనీ పార్కు

దీన్ని చిన్నచూపు చూడకండి. మూడేళ్ల లోపు పిల్లలకి ఇంతకన్నా మంచి చోటు లేదు. ఆ వయసులో వాళ్లకి కావాల్సింది కొత్త చోటు కాదు, తెలిసిన చోటే మళ్లీ మళ్లీ. పోయినవారం మొగ్గగా ఉన్నది ఈవారం పువ్వయిందని గుర్తుపట్టే ఆనందం రోజూ చూసే చెట్టు దగ్గరే దొరుకుతుంది.

ఆట సామాన్ల చుట్టూ తిప్పితే మాత్రం తొందరగా అయిపోతుంది. ఒక లీటరు సీసా నీళ్లు, ఒక స్టీలు గ్లాసు, పాత గరిటె ఒకటి పట్టుకెళ్లండి. మొక్కలు లేని ఒక మూల చూసుకుని మట్టి తడిపిస్తే చాలు, మిగతా పని వాళ్లే చూసుకుంటారు. కానుగ, వేప, రావి ఆకులు మూడేసి ఏరించి, మీరు చెప్పిన ఆకుని చేత్తో తడిమి కనిపెట్టమనండి. ఈ ఆట రెండున్నరేళ్లకే మొదలుపెట్టొచ్చు.

రేకు జారుడుబల్ల ఎండలో కాలిపోతుంది. కూర్చోబెట్టే ముందు మీ అరచేతి వెనకభాగం దానికి ఆనించి ఐదు అంకెలు లెక్కపెట్టండి. ఐదు దాకా ఉంచలేకపోతే పిల్లల తొడలకి బొబ్బలెక్కుతాయి. చాలా కాలనీ పార్కులకి మధ్యాహ్నం తాళం వేస్తారు కాబట్టి పొద్దున గానీ సాయంత్రం గానీ వెళ్లేలా చూసుకోండి. లోపల కుక్కలు పడుకునే చోటు ఎక్కడుందో ముందే గమనించండి. కూనలున్న కుక్క దగ్గరికి అసలు పోనివ్వద్దు. కుక్క కరిచినా, చిన్న గీరుడైనా, సబ్బు పెట్టి కుళాయి కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకి తీసుకెళ్లాలి.

కంచె పక్క మొక్కల్ని కూడా ఒకసారి చూడండి. అందంగా ఉంటుందని పార్కుల్లో, రోడ్డు మధ్యలో గన్నేరు తెగ వేస్తారు. దాని ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. ఖాళీ స్థలాల్లో పెరిగే ఉమ్మెత్త కాయలూ అంతే. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను వాచిపోతుంది. నోట్లో పెట్టుకునే వయసు దాటనివాళ్లతో వెళ్తే ఈ మూడింటినీ దూరం నుంచే గుర్తుపట్టడం పెద్దవాళ్లకి రావాలి.

అటవీ పార్కు, బొటానికల్ గార్డెన్

హైదరాబాదులో వీటికి కొదవ లేదు. జూబిలీహిల్స్‌లో కేబీఆర్ పార్కు, చిలుకూరు దగ్గర మృగవని (రెండూ జాతీయ పార్కులే), వనస్థలిపురంలో హరిణ వనస్థలి, కొండాపూర్‌లో బొటానికల్ గార్డెన్. కంచె ఉంటుంది, బండ్ల రద్దీ ఉండదు, చెట్ల నీడ ఉంటుంది. చెయ్యి వదలడానికీ చూడ్డానికీ మధ్య బేరం ఇక్కడే బాగా కుదురుతుంది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకి, ఒక్క చోటే చెప్పమంటే, ఇదే చెప్తాం.

అయితే ఇవి నడకకి వచ్చే పెద్దవాళ్ల కోసం చేసిన దారులు. దారి పొడవునా పోవాలని పెట్టుకుంటే అందరూ అలిసిపోతారు. గేటు నుంచి ఐదువందల మీటర్ల లోపే ఒక చోటు చూసుకుని అక్కడే ఉండిపోండి. పొద్దున ఏడింటి లోపు వెళ్తే కేబీఆర్‌లో నెమలి కూత వినబడుతుంది, చాలాసార్లు నెమలీ కనిపిస్తుంది. అరవకుండా నిలబడటం నాలుగేళ్ల పిల్లలకి కష్టమే. “నెమలి మనల్ని చూడకుండా మనమే నెమలిని చూడాలి” అని ఆటగా చెప్తే రెండు నిమిషాలు ఆగుతారు, అది చాలు.

టికెట్టు, వేళలు, తినుబండారాలు, ప్లాస్టిక్ విషయంలో ఒక్కో పార్కుకి ఒక్కో నియమం ఉంటుంది. గేటు దగ్గర బ్యాగు తిప్పి పంపితే పిల్లలు ఆకలికి ఉండలేరు. అందుకే ఇంట్లోనే కాస్త తినిపించి, నీళ్లు స్టీలు సీసాలో పోసుకుని బయల్దేరండి. కోతులున్న చోట చేతిలో అరటిపండు కనిపించకూడదు. కోతి లాక్కోవడానికి వస్తే పండు వదిలేయమని పిల్లలకి ముందే చెప్పాలి, గుంజులాడితేనే గీరుతుంది.

దారి పక్క పొదల్లో వయ్యారిభామ ఉంటే, ఉబ్బసం, దురదలు ఉన్న పిల్లల్ని అటు పోనివ్వకండి. ఎర్రగా, నల్ల చుక్కతో గురివింద గింజలు కనిపిస్తే పిల్లలు ఆగలేరు. అవి నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఏరనివ్వకపోవడమే మంచిది, ఏరితే అక్కడికక్కడే చేతిలోంచి తీసుకోవాలి, జేబులో ఇంటికి రానివ్వకూడదు.

చెరువు కట్ట

పిల్లల కళ్లకి ఇంత విందు ఇంకెక్కడా లేదు. లకుముకి పిట్ట తీగ మీంచి నిటారుగా నీళ్లలోకి దూకి చేపతో లేస్తుంది. నీటికాకి రెక్కలు విప్పుకుని ఆరబెట్టుకుంటుంది. ఇవి దూరదర్శిని లేకుండానే కనిపించే సంగతులు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వలస బాతులు కూడా వస్తాయి. అమీన్‌పూర్ చెరువుని 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది ఈ పక్షిసంపద వల్లే.

చెయ్యి విషయంలో మాత్రం ఇది కఠినమైన చోటు. ఐదేళ్ల లోపు ఒక్కో పిల్లకి ఒక్కో పెద్దమనిషి ఉండాలి. ఇద్దరు పిల్లల్ని తీసుకుని ఒక్కరే వెళ్లే చోటు కాదిది. నీళ్లవైపు వాలుకి పరిచిన రాళ్ల మీద పాచి పట్టి ఉంటుంది, పెద్దవాళ్ల కాలే నిలవదు. గుర్రపుడెక్క అల్లుకున్న చోట నీళ్లు పచ్చటి గడ్డి నేలలా కనిపిస్తాయి. మూడేళ్ల పిల్లలు దాని మీద కాలు పెట్టేస్తారు. ఆ తేడా పిల్లలకి మాటల్లో చెప్తే అర్థం కాదు. ఒక రాయి విసిరి అది మునిగిపోవడం చూపిస్తే వెంటనే అర్థమవుతుంది.

తూము దగ్గరికి ఎప్పుడూ పోవద్దు, అక్కడ నీటి లాగుడు పైకి కనిపించదు. వానాకాలంలో మత్తడి దూకుతున్నప్పుడు చూడ్డానికి జనం పోగవుతారు. పిల్లల్ని ఎత్తుకుని దూరం నుంచే చూపించండి, పారే నీళ్లలో నిలబెట్టకండి. వినాయక నిమజ్జనం అయ్యాక కొన్ని వారాల పాటు ఒడ్డున ఇనుప చువ్వలు, తీగలు పడి ఉంటాయి, చెప్పుల్లోంచి గుచ్చుకుంటాయి. మురుగు కలిసే చెరువైతే చేతులు ముంచనివ్వద్దు. చీకటి పడే ముందు దోమలు లేస్తాయి కాబట్టి సాయంత్రం వెళ్తే ఐదున్నరకల్లా బయల్దేరాలి, ఒంటినిండా బట్టలుండాలి.

నీళ్లతో ఆడాలని పిల్లలు మారాం చేస్తారు. ఇంటి నుంచి రెండు లీటర్ల నీళ్లు, ఒక చిన్న బేసిన్ తెచ్చి కట్ట వెనకవైపు చెట్టు కింద పెడితే ఆ గొడవ చాలావరకు తీరుతుంది.

రాళ్లు కొట్టి వదిలేసిన క్వారీ గుంతలు చెరువుల్లాగే కనిపిస్తాయి. వాటికి వాలు ఉండదు, ఒక్క అడుగులోనే లోతు. పిల్లలతో వాటి ఒడ్డుకే వెళ్లొద్దు.

రాళ్ల గుట్ట

హైదరాబాదు చుట్టూ ఉన్న ఈ గ్రానైట్ బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఖాజాగూడ, మౌలాలి వైపు ఇంకా మిగిలినవి చూస్తే, నాలుగు దాటిన పిల్లలకి ఇంతకన్నా మంచి ఆట స్థలం ఎవరూ కట్టలేరనిపిస్తుంది. ఎక్కడం, దూరడం, బ్యాలెన్స్ చేసుకోవడం అన్నీ ఒక్కచోటే. వాన పడ్డాక బండ మీది గుంటల్లో నీళ్లు నిలిచి, కొద్ది రోజులకి వాటిలో తోకకప్పలు ఈదుతుంటాయి. బోర్లా పడుకుని వాటిని చూస్తే పిల్లలకి గంట గడిచినట్టే తెలియదు. ఆ గుంట వేలెడు లోతే ఉండాలి, నల్లగా అడుగు కనబడనిదైతే వద్దు.

ఎక్కించేటప్పుడు ఒక్కటే సూత్రం: తనంతట తాను ఎక్కగలిగిన బండే ఎక్కాలి. మీరు ఎత్తి పైన నిలబెట్టకూడదు. పిల్లలకి ఎక్కడం ముందొస్తుంది, దిగడం చాలా ఆలస్యంగా వస్తుంది. అందుకే తన ఛాతీ ఎత్తు బండ దగ్గర ఆపి ముందు దిగి చూపించమనండి. బండవైపు ముఖం పెట్టి, పొట్ట ఆనించి, కాళ్లు కిందికి జార్చి దిగడం నేర్పాలి. ముందుకి చూస్తూ కూర్చుని జారితే వేగం చేతిలో ఉండదు.

జారేది బండ మీద కాదు, బండ మీది మొరం మీద. గ్రానైట్ పెచ్చులుగా ఊడి, నలిగి ఇసుక గింజల్లా వాలు మీద ఉండిపోతుంది. పొడిగా ఉన్నా కాలు జారేది అందువల్లే. రబ్బరు సోలు బూట్లు వేయండి. వెనక పట్టీ లేని చెప్పులు, వదులుగా ఉండే క్రాక్స్ మడమ దగ్గర తిరిగిపోతాయి.

వెళ్లగానే తలెత్తి పెద్ద బండల కింది భాగం చూడండి. నల్లగా, పలకలా వేలాడేది కొండ తేనెటీగల తుట్టె. కనిపిస్తే ఆ పక్కకే వెళ్లొద్దు, పొగ పెట్టొద్దు, రాయి విసరనివ్వద్దు, ఘాటు సెంటు పూసుకుని వెళ్లొద్దు. ఒకవేళ ఈగలు లేస్తే పిల్లల్ని గుండెకి హత్తుకుని, తల మీద చున్నీ కప్పి, చేతులు విసరకుండా కారులోకో గదిలోకో పరుగెత్తడమే.

ఎండలో కాలిన బండ పొద్దుగూకినా చల్లారదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గుట్ట ఎక్కడం మానేయండి. వెళ్లాలంటే పొద్దున ఆరింటికి వెళ్లి ఎనిమిదింటికల్లా దిగిపోవాలి. గుట్ట మీద నీడ కూడా లెక్కలోకి రాదు. నలుగురున్న కుటుంబానికి రెండు గంటలకి రెండు లీటర్ల నీళ్లు చలికాలంలో సరిపోతాయి, ఎండాకాలంలో మూడు కావాలి.

పొలం

ఊళ్లో సొంత పొలమో, తెలిసినవాళ్ల పొలమో ఉంటేనే ఇది ఎంపిక అవుతుంది. అడక్కుండా ఎవరి చేలోకీ దిగకూడదు. ఉన్నవాళ్లకి మాత్రం అదృష్టమే. ముఖ్యంగా డిసెంబరు, జనవరిలో వానాకాలం వరి కోసేశాక నేల గట్టిపడి, దూరం దాకా కనుచూపు ఆనుతుంది. పిల్లలు వంద మీటర్లు పరుగెత్తినా కనబడతారు. చెయ్యి వదలడానికి అంత మంచి రోజులు ఇంకెప్పుడూ రావు. కొయ్యకాళ్లు గుచ్చుకుంటాయి కాబట్టి బూట్లు తప్పనిసరి.

జూన్ నెల కథ వేరు. తొలకరి పడ్డాక, ఆరుద్ర కార్తె ముందూవెనకా, తడిసిన ఎర్రమట్టి మీద ఎర్రటి మఖమల్ బొత్తాల్లాంటి ఆరుద్ర పురుగులు బయటికి వస్తాయి. అరచేతిలో పెడితే కాళ్లు ముడుచుకుని ఆగిపోతాయి, కదలకుండా కాసేపు చూస్తే మెల్లగా నడక మొదలుపెడతాయి. కరవవు. డబ్బాలో పెట్టి ఇంటికి తేకుండా, తీసిన చోటే వదిలేయించండి.

పొలంలో పిల్లల కన్నా ముందు పెద్దవాళ్లు ఒకసారి చుట్టూ తిరిగి రావాలి. గోడ లేని మోట బావి ఎక్కడుంది, బోరు స్టార్టరు డబ్బా ఎక్కడుంది, వైరు నేల మీద పడి ఉందా, మందు కొట్టి ఎన్నాళ్లయింది అన్నవి పొలం యజమానిని నేరుగా అడగండి. మందు కొట్టిన చేలో ఆ వారం ఆడించకండి. అడవి పందుల కోసం కొందరు కంచెకి కరెంటు పెడతారు. పక్క చేల కంచెలు కూడా ముట్టుకోవద్దన్నది పిల్లలకి ఖచ్చితంగా చెప్పాలి. గడ్డివాము ఎక్కి దూకడం సరదాగానే ఉంటుంది గానీ, కింద తేళ్లు, పాములు చేరతాయి. కొత్తగా వేసిన వాములో అయినా కర్రతో తట్టి చూశాకే.

పాము కాటు అనుమానం ఉంటే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయకూడదు. పిల్లల్ని నడిపించకుండా ఎత్తుకుని, కాటు పడిన భాగం కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. బయల్దేరే ముందే ఆ ఆసుపత్రి ఏదో తెలిసి ఉండటం మంచిది.

ఎవరికి ఏది

ఒక్కరే ఇద్దరు పిల్లల్ని తీసుకెళ్తుంటే: కాలనీ పార్కు, లేదా కంచె ఉన్న అటవీ పార్కు. చెరువు, గుట్ట వద్దు. ఒకరు పడితే రెండోవాళ్లని ఏం చేస్తారన్నదే ప్రశ్న.

అమ్మమ్మ, తాతయ్యలతో పంపుతుంటే కూర్చోడానికి బల్లలున్న బొటానికల్ గార్డెన్ లాంటి చోటు చూడండి. పరుగెత్తే పిల్లల వెనక వాళ్లు పరుగెత్తలేరు, కాబట్టి గేటు ఒక్కటే ఉండాలి, రోడ్డుకి ఇంకో దారి ఉండకూడదు.

ఉద్యోగాల వల్ల వారం మధ్యలో నలభై నిమిషాలే దొరికేవాళ్లు కాలనీ పార్కునే నమ్ముకోండి. వారానికి మూడుసార్లు నలభై నిమిషాలు, నెలకోసారి పోయే గుట్ట కన్నా పిల్లలకి ఎక్కువిస్తుంది.

మట్టి ముట్టుకోవాలంటే భయపడే, చేతులు వెంటనే కడగమనే పిల్లలతో పొలంలోకి ఒక్కసారే దింపకండి. పార్కులో ఎండుటాకులు, గులకరాళ్లు, తర్వాత పొడి ఇసుక, ఆ తర్వాతే తడి మట్టి. ఎదుటివాళ్లు ఆడుతుంటే పక్కన నిలబడి చూడటాన్ని కూడా ఆటగానే లెక్కేయండి.

ఐదు దాటి, ఊరికే కూర్చోలేని పిల్లలకి గుట్ట మందులా పనిచేస్తుంది. ఇద్దరు పెద్దవాళ్లుండాలి: ఒకరు పైన, ఒకరు కింద.

విశాఖ వాళ్లకి పిల్లలతో సముద్రపు ఒడ్డు ఎప్పుడూ చేతికందే ఎంపిక. అక్కడ పొడి ఇసుక మీద చెయ్యి వదలొచ్చు, తడి ఇసుక మీద పట్టుకోవాలి, అలలోకి దింపనే కూడదు. ఆ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు బలంగా ఉంటాయి. మోకాలి లోతు కూడా చిన్నపిల్లలకి నడుము లోతే.

బ్యాగులో

ఒక జత బట్టలు, పాత తువ్వాలు, తలకి టోపీ, ఒక్కో పిల్లకి కనీసం అర లీటరు నీళ్లు, ఓఆర్‌ఎస్ పాకెట్టు (దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, చిక్కగా కలిపితే మేలు కన్నా కీడెక్కువ), చిన్న సబ్బు ముక్క. తినడానికి ఇడ్లీ, అరటిపండు, మరమరాలు. వేయించిన పల్లీలు, బటానీలు ఐదేళ్ల లోపు వాళ్లకి బయట పెట్టొద్దు, పరుగెత్తుతూ నములుతుంటే గొంతుకి అడ్డం పడతాయి.

నెలను బట్టి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఐదు చోట్లూ బాగుంటాయి, చెరువు కట్ట అయితే మరీను. ఫిబ్రవరి, మార్చిలో మోదుగ పూసినప్పుడు అటవీ పార్కుకి వెళ్లండి, రాలిన పూలు ఏరడానికే పిల్లలకి పొద్దు చాలదు. ఏప్రిల్, మేలో పొద్దున ఎనిమిది లోపు నీడ ఉన్న పార్కే మేలు, గుట్టకి వెళ్లినా ఆ లోపే దిగిపోవాలి. జూన్, జూలైలో వాన వెలిసిన మర్నాడు కాలనీ పార్కు బురద, అటవీ పార్కులో రాలిన నేరేడు పళ్లు. తడి బండలెక్కే గుట్ట మాత్రం పూర్తిగా మానేయండి, వాన వెలిసి ఒక రోజంతా ఎండ కాశాకే దాని మీద కాలు పెట్టాలి. ఉరుము వినబడితే ఏ చోటైనా సరే, చెట్టు కింద ఆగకుండా నేరుగా కారులోకి, లేదా పైకప్పున్న గదిలోకి వెళ్లిపోవాలి.